సోమవారం ఢిల్లీ

ఢిల్లీలో ఎక్కడ ఏముందో పద్మను అడిగితే కళ్లు మూసుకుని చెప్పేది. ఆ ఊరి ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు, అది వేరే సంగతి. పోచమ్మ మైదాన్‌లో వాళ్లది పెయింట్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఈ ఏడు అమ్మకాలు బాగున్న డీలర్లను కంపెనీ ఢిల్లీ తీసుకుపోతుందని తెలిసిన నాటి నుంచి, గిరాకీ పలచబడే మధ్యాహ్నాల్లో ఆమె ఫోను నిండా ఢిల్లీయే. ఏ మెట్రో ఎక్కితే ఎక్కడ దిగుతాం, ఎండ ముదరకముందే చూడాల్సినవేవి, పొద్దు వాలాక చూడాల్సినవేవి, ఏది ఏ రోజు తెరవరు, అన్నీ నాలుక చివరనే ఉండేవి. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే ముచ్చట.

"ఒక్క దినమే దొరుకుతది అత్తమ్మా," అనేది పళ్లెంలో అన్నం పెడుతూ. "ఒక్క దినంల ఢిల్లీ చూడాలంటె తెలివి గావాలె. ఎటువడితె అటు ఉరికితె ఉత్త రోడ్లే కనవడ్తయ్."

అత్తమ్మ బోసినోటితో నవ్వేది. "పోదురు తీ. పోయినసారి గోవాకు పెద్దోడు పోయిండు. ఈసారి చిన్నోల్లదే."

పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చే సుభాషిణి మాత్రం వెనక్కి తిరిగేది కాదు. సుభాషిణి ఇంటి పెద్ద కోడలు, పద్మకు తోటికోడలు. ఆమె మాట్లాడడమే తక్కువ. పద్మకు ఆమె మీద అప్పటికింకా ఏ కోపమూ లేదు.

కంపెనీ మనిషి ఉదయ్ స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చిన రోజు పద్మ కలర్ మిషన్ దగ్గర ఉంది. ఆ మిషన్ ఆమెదే అన్నట్టు లెక్క. బావ కిషన్ రావు గల్లా దగ్గర కూర్చుంటాడు. పద్మ భర్త శ్రీకాంత్ సరుకు తెచ్చుడు, పంపుడు చూసుకుంటాడు. రంగు కలపడం మాత్రం ఆమె పని. తెల్లటి బేస్ బకెట్ మూత తీసి మిషన్ కింద పెట్టి, షేడ్ నంబరు కొడితే పైనుంచి రంగులు సన్నటి దారాల్లా దిగుతాయి. మూత బిగించి ఊపే మిషన్‌లో పెట్టాలి. బయటికి తీశాక వేలితో ఒక్క చుక్క మూత మీద రాసి, ఆరనిచ్చి, షేడ్ కార్డు పక్కన పెట్టి చూడాలి. మేస్త్రీలు హన్మకొండ దాటుకుని ఇక్కడికి వచ్చేది ఆ చుక్క కోసమే. పద్మమ్మ కలిపితే మొదటి బకెట్‌కూ పదో బకెట్‌కూ తేడా ఉండదని వాళ్లకు నమ్మకం.

"టార్గెట్ దాటినం సార్," అన్నాడు ఉదయ్, డబ్బా గల్లా మీద పెడుతూ. "ఢిల్లీ పక్కా. కపుల్ ట్రిప్. శనివారం ఫ్లైట్, ఆదివారం మీటింగు, సోమవారం మీ ఇష్టం, ఊరంత తిరుగుండ్రి. మంగళవారం రిటర్న్. ఆధార్ కార్డులు పంపుండ్రి."

పద్మ గుడ్డతో చేతులు తుడుచుకుంది. శ్రీకాంత్ ముఖంలోకి చూసింది. శ్రీకాంత్ స్వీట్ల డబ్బా ముడి విప్పుతున్నాడు.

"నాది, సుభాషిణిది పంపుత," అన్నాడు కిషన్ రావు. అక్కడ అడగాల్సిన ప్రశ్నే లేనట్టు అన్నాడు.

"పేరు మార్చుకోనీకె అయితదా ఉదయ్?" అంది పద్మ.

ఉదయ్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి గల్లా వైపు చూశాడు. "అంటే... సార్ ఒక లెటర్ ఇస్తె ఫ్యామిలీల ఎవరైనా పోవచ్చు మేడం. డీలర్‌షిప్ సార్ పేరు మీద ఉన్నది గద, సార్ ఇష్టం."

"ఎందుకా లొల్లి?" కిషన్ రావు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదది, నిజంగానే నవ్వాడు. "అయినా పద్మ పోతె మిషన్ ఎవలు చూస్తరు? పద్మ లేకుంటె దుకాణం నడుస్తదా? సుభాషిణి అంటావా, ఇంట్ల ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

మెచ్చుకోలు లాంటి ఆ మాటకు ఉదయ్ కూడా తల ఊపాడు. పద్మకు ఒళ్లంతా మండింది. తను పనికొస్తుంది కాబట్టి ఇక్కడే ఉండాలట. పనికిరాని మనిషి ఢిల్లీ చూసి రావాలట. గంధం రంగుకూ మీగడ రంగుకూ తేడా తెలియని మనిషి, దుకాణం మెట్లు దిగి నెలకొకసారి కూడా రాని మనిషి!

పైకి పోయాక శ్రీకాంత్ గొంతు తగ్గించి అన్నాడు. "అన్నతోటి ఏం పంచాదివెట్టుకుంటం? మనం ఎన్నడన్న పోదాం తీ, సొంతంగ."

"ఎన్నడు పోతం? మీ అన్న నాకు సెలవు ఇచ్చిననాడా?"

శ్రీకాంత్ టీవీ రిమోట్ వెతుక్కున్నాడు. అతనితో మాట్లాడడం దండుగ అనుకుని పద్మ అత్తమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. అత్తమ్మకు ఏం జరిగిందో తెలుసు. తెలిసి, చిన్నకోడలిని ఊరడించే మాట దొరక్క, "సోమవారం మరి ఏమేం సూస్తరో వాల్లు," అంది.

"సోమవారం ఏం చూస్తరు?" పద్మ విసురుగా అంది. "సోమవారం సగం ఢిల్లీ బందే. ఎర్రకోట బంద్, లోటస్ టెంపుల్ బంద్, అక్షర్‌ధామ్ బంద్. తెలిసినోల్లైతె పొద్దుగాల్నే కుతుబ్ మినార్ పోతరు. ఆడికెల్లి హుమాయూన్ సమాధి. పొద్దుగూకె యాళ్లకు ఇండియా గేట్. తెలిసినోల్లు పోతలేరు గద!"

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. సుభాషిణి పొయ్యి తగ్గించింది.

వారం రోజులు ఆ ఇంట్లో ఢిల్లీ తప్ప మరో మాట లేదు. సుభాషిణికి నడవడానికి కొత్త చెప్పులు వచ్చాయి. ఢిల్లీ చలికని స్వెటర్ వచ్చింది. పద్మ అన్నీ ఓర్చుకుంది గానీ చక్రాల పెట్టె సంగతి మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. ఆ పెట్టె ఢిల్లీ కోసమే తను కొనుక్కున్నది. అట్ట కూడా తీయకుండా బీరువా మీద పెట్టుకుంది.

"చక్రాలది అక్కకియ్యి బిడ్డా," అంది అత్తమ్మ. "ఆమె దగ్గర ఉన్నయన్నీ పాతయి, గొళ్లాలు వట్టవు."

పద్మ స్టూలెక్కి పెట్టె దింపింది. అట్ట తీసి, గుడ్డతో తుడిచి, సుభాషిణి మంచం పక్కన నిలబెట్టింది. సుభాషిణి పెట్టెను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు లాగి చూసింది. చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి.

"మంచిగున్నది పద్మా," అంది.

'మంచిగుండక ఏం చేస్తది' అనుకుంది పద్మ.

శుక్రవారం సాయంత్రం ఆమె నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోతే సుభాషిణి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"మీ బావకు ఆ ఊరు ఎర్క లేదు, నాకు ముందే ఎర్క లేదు. నువ్వు మస్తు చూసినవ్ గద ఫోన్ల. సోమవారం ఒక్క దినం దొరుకుతదట. ఏది ముందు చూడాలె, ఏది తర్వాత?"

పద్మ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లు ఒక్కొక్క చోటూ ఏరి, గొలుసులా గుచ్చి దాచుకున్న ఢిల్లీని ఇప్పుడు ఎత్తి ఈమె చేతిలో పెట్టాలా? పెట్టె ఇచ్చింది చాలదా? సుభాషిణి ముఖంలో ఎగతాళి లేదు, గర్వం లేదు. అదే ఇంకా ఎక్కువ మండించింది. ఆ క్షణాన ఆమె నోటి నుంచి మాట ఎంత తీయగా వచ్చిందంటే, ఆమెకే ఆశ్చర్యమేసింది.

"అల్కగ చూడొచ్చక్కా. పొద్దుగాల లేవంగనే ఎర్రకోటకు పోండ్రి. అది పెద్దది, ముందు అదే చూడాలె."

సుభాషిణి చిటికెన వేలు ముడిచింది. "ఎర్రకోట."

"ఆడికెల్లి లోటస్ టెంపుల్. జర దూరం ఉంటది, ఆటో మాట్లాడుకోండ్రి."

ఉంగరపు వేలు ముడిచింది. "లోటస్ టెంపుల్."

"మాపటికి అక్షర్‌ధామ్. లైట్లు ఏస్తరు, మస్తుంటది."

"అక్షర్‌ధామ్." మూడో వేలు కూడా ముడిచి సుభాషిణి ఆమెను ఒక్క క్షణం చూసింది. "గింతే గద? మల్ల మర్చిపోత." ఆ వేళ్లు అలాగే ముడిచి పెట్టి, మిగిలిన రెండు వేళ్లతో చిక్కుడుకాయ ఈనె లాగింది.

పద్మ దుకాణంలోకి దిగింది. కాళ్లు తేలికగా ఉన్నాయి. చెప్పింది ఏదీ అబద్ధం కాదు, ఒక్క మాట చెప్పలేదంతే. గూగుల్ చేసుకుంటే వాళ్లకు మాత్రం తెలియదా? బావకు అంత పెద్ద ఫోన్ ఉండె గదా! అట్లా తనకు తాను చెప్పుకుంటూ షేడ్ కార్డుల దుమ్ము దులిపింది. దులిపిన కార్డులనే మళ్లీ దులిపింది.

శనివారం వాళ్లు శంషాబాద్‌కు కారులో పోయారు. ఆదివారం సుభాషిణి ఫోన్ స్టేటస్‌లో రెండు ఫోటోలు కనిపించాయి. ఒకదాంట్లో హోటల్ గది కిటికీ, ఒకదాంట్లో మీటింగు హాలు. హాలు ఫోటోలో కిషన్ రావు వేదిక మీద శాలువా కప్పుకుని ఉన్నాడు. పక్కన ఎవరో పెద్దమనిషి ఆయనకు చెయ్యి ఇస్తున్నాడు. పద్మ ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఆ శాలువాలో తను ఊపిన బకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోవాలనిపించి, ఫోన్ బోర్లా పెట్టింది.

ఇంటి పని కూడా ఇప్పుడు ఆమె మీదే పడింది. పొద్దున్నే లేచి అత్తమ్మకు జావ, మందులు, అందరికీ వంట, మధ్యాహ్నానికి దుకాణంలోకి డబ్బాలు. పప్పు మాడింది. అత్తమ్మ జావ ముద్ద కట్టింది. అత్తమ్మ చెంచాతో ముద్దలు నలుపుకుని తాగింది.

సోమవారం పొద్దున లేస్తూనే పద్మ ఫోన్ చూసింది. స్టేటస్ ఏమీ లేదు. దుకాణం షటర్ ఎత్తి, దేవుడికి అగరొత్తులు వెలిగించి మళ్లీ చూసింది. ఏమీ లేదు. ఈపాటికి ఎర్రకోట ముందు దిగి ఉంటారు. గేటు మూసి ఉంటుంది. బావ ముఖం ఎలా మాడిపోయి ఉంటుందో తలచుకుంటే నవ్వొచ్చింది. సుభాషిణి ముఖం తలచుకుంటే నవ్వు రాలేదు. కొత్త చెప్పులేసుకుని, ముడిచిన మూడు వేళ్లతో ఆ గేటు ముందు నిలబడిన మనిషి కళ్ల ముందు కదిలింది. కదిలితే కదలనీ అనుకుంది పద్మ. నేను మాత్రం ఇక్కడ నిలబడలేదా?

మడికొండలో ఇల్లు కట్టుకుంటున్న వాళ్ల హాలుకు రెండో బకెట్ కావాలని కట్టయ్య మేస్త్రి వచ్చాడు. మొన్న తీసుకుపోయిన మీగడ రంగే. పద్మ నంబరు కొట్టింది. రంగు దిగుతుంటే మళ్లీ ఫోన్ చూసింది. బకెట్ ఊపే మిషన్‌లో గడగడలాడుతుంటే చూసింది. మూత తీసి వేలు ముంచినప్పుడు గానీ ఆమెకు తెలిసి రాలేదు. మీగడ రంగు కాదది. పలచబడ్డ బెల్లం పాకంలా ఉంది. తెల్ల బేస్‌కు బదులు ముదురు రంగులకు వాడే బేస్ పెట్టింది. రెండు బకెట్లూ చూడడానికి ఒకేలా ఉంటాయి, చీటీ ఒక్కటే తేడా. దుకాణంలో చేరిన కొత్తలో కూడా ఆమె చేయని తప్పు అది. ఒకసారి కలిపిన రంగును విడదీయలేరు. అమ్మలేరు, వాపసు ఇయ్యలేరు.

"ఏమైందమ్మా?" అన్నాడు కట్టయ్య. "ఇయ్యాల మీ పాణం ఈడ లేదు."

"ఇంకో బకెట్ కలుపుత మేస్త్రి, జర ఆగు." పాడైన బకెట్‌ను కాలితో ర్యాకు కిందికి తోసింది.

కట్టయ్య పోయాక శ్రీకాంత్ ఫోన్ మాట్లాడుతూ లోపలికి వచ్చాడు. పెట్టేసి తల కొట్టుకున్నాడు. "అన్న మస్తు గరం ఉన్నడు. ఎర్రకోటకు పోయిన్రట, బంద్. యాడనో టెంపులుకు పోయిన్రట, అది గూడ బంద్. ఇగ నేను యాడికి రాను పో అని హోటల్కు వచ్చి పండుకున్నడట. వదినకు ఎవలు చెప్పిన్రో ఏమో!"

పద్మ చేతిలోని గుడ్డ కింద పెట్టింది. "మరి అక్క?"

"ఏమో, హోటల్లనే ఉండొచ్చు. ఇంక యాడికి పోతది ఒక్కతి?"

మధ్యాహ్నం అన్నం పెట్టడానికి పైకి పోతే అత్తమ్మ మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. "ఇయ్యాల సోమవారం గద పద్మా. ఎర్రకోట బంద్ అని నువ్వే చెప్తివి గద నాకు? అక్కకు చెప్పలే?"

పద్మ అన్నం కలుపుతున్నట్టు వంగింది. "మర్చిపోయిన అత్తమ్మా," అంది. అత్తమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండు అనిపించింది పద్మకు. తనకు కావలసింది జరిగింది. ఢిల్లీ తనకు లేకుండా పోయినట్టే, ఆమెకూ లేకుండా పోయింది. ఇక సంతోషంగా ఉండాలి. కానీ పొద్దుటి నుంచి ఉన్న అక్కసు పోలేదు సరికదా, దాని పక్కన సిగ్గు కూడా వచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా ఆమె ఫోన్ తీయడం, పెట్టడం. స్టేటస్ ఏదీ రానే లేదు.

మంగళవారం పద్మ దుకాణం నుంచి పైకి వచ్చేసరికి వాళ్లు వచ్చేసి ఉన్నారు. కిషన్ రావు సోఫాలో కాళ్లు జాపుకుని తల్లికి చెప్తున్నాడు.

"ఢిల్లీనా అది? రెండు తాళాలు చూసొచ్చిన. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈమె ఫోన్ల చూసిందట! ఫోన్ల సోమవారం ఉండదా?"

పద్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఫోన్‌లో చూసిందట. తన పేరు రాలేదు. అత్తమ్మ పద్మ వైపు చూసింది, మళ్లీ కొడుకు వైపు తిరిగింది.

వంటింట్లో సుభాషిణి స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని పిండి కలుపుతోంది. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. పద్మ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, నా పేరు ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఏమొస్తది? మీ బావ నిన్ను నాలుగు మాటలంటడు. నాకేం లాభం?"

"నాకు..." అంది పద్మ. "సోమవారం సంగతి నాకు..."

"నీకు ఎర్క. నాకు గూడ ఎర్క." సుభాషిణి పిండిలో ఇంకొంచెం నీళ్లు పోసింది. "నువ్వు అత్తమ్మకు చెప్తుంటె నేను ఈడనే ఉంటి గద. కుక్కర్ కూతేస్తె చెవులు పోతయా? ఆర్నెల్లయె, రోజు నీ ఢిల్లీ ముచ్చట్లే ఇంటాన్న. నువ్వు చూడని ఢిల్లీ నీకెంత ఎర్కనో, నాకంత ఎర్క."

"మరి తెలిసి తెలిసి ఎర్రకోటకు ఎందుకు పోయిన్రు?"

సుభాషిణి పిండి ముద్దను తిరగేసి గుద్దింది. పెదవుల చివర నవ్వు కనిపించింది. ఇన్నేళ్లలో ఆమె ముఖం మీద పద్మ చూడని నవ్వది.

"మీ బావ ఎసొంటి మనిషో నీకెర్కలేదా? ఒక్క తాప గేటు మూసున్నట్టు కనవడితె చాలు, ఇంక అడుగు ముందుకెయ్యడు. నడ్వనియ్యడు, నిలవడనియ్యడు. నీళ్లేవి, చాయేది, ఇంకెంత దూరం అంటడు. ఆయనను ఎంబడేసుకోని తిరిగితె ఢిల్లీ చూస్తనా నేను? అందుకని నువ్వు నాకు చెప్పినయి ఆయనకు చూపిచ్చిన. రెండు తాళాలు చూడంగనే హోటల్కు పోయిండు. నువ్వు అత్తమ్మకు చెప్పినయి నేను చూసిన."

పద్మ చేతికి గట్టు దొరికింది. దాన్ని పట్టుకుంది.

"కుతుబ్ మినార్?"

"చూసిన. నిజామాబాద్ డీలర్ భార్య జతయ్యింది. ఆమె మొగడు గూడ మీ బావ తీరుగనే ఉన్నడు. గాజులు కొనుక్కొస్తమని చెప్పి ఇద్దరం మెట్రో ఎక్కినం. ఆడోల్ల డబ్బా వేరే ఉంటదని నువ్వే అంటివి. పొద్దుగాల్నే కాదు గని, ఎండల చూసినం. తల ఎత్తి చూస్తె మెడ గుంజింది. దాని మీదికెల్లి ఇమానాలు పోతుంటె అది కదులుతున్నట్టే ఉంటది పద్మా. కండ్లు తిరిగినయ్."

"సమాధి?"

"చూసిన. చెప్పులిడిచి ఆ బండల మీద కూసున్నం. సల్లగ. గోడల బొక్కలల్ల రామచిలుకలు. ఎంతసేపు కూసున్ననో నాకే ఎర్కలేదు. ఒక్కరు గూడ నన్ను చాయ్ పెట్టుమనలే. ఫోటోలు లెవ్వు. స్టేటస్ పెడ్తె మీ బావ చూస్తడు గద!"

వీడియోల్లో ఆ రామచిలుకలు లేవు. ఆ చల్లదనం లేదు. పద్మ ఒక్కొక్క చోటూ నోటికి నేర్చుకున్నది, కానీ ఇప్పుడు ఆ పేర్లన్నీ సుభాషిణివైపోయాయి. తను కుళ్లుతో ఇచ్చినదాంతోనే ఈమె ఒక రోజునే దొంగిలించుకుని వచ్చింది! ముందు పడిన కుళ్లు దీని ముందు ఏపాటిది? పద్మకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ రాయి ఉన్నది చూడు," అంది సుభాషిణి, పిండి చేతులతో గాలిలో చూపిస్తూ. "ఎరుపంటె ఎరుపు గాదు, ఇటుక రంగు గాదు. దాన్నేమంటరు? నీ కార్డుల ఉంటదా ఆ రంగు?"

"నేను చూడలే గదక్కా," అంది పద్మ.

సుభాషిణి పిండి ముద్దను పళ్లెంలో పెట్టి తడి గుడ్డ కప్పింది.

"అవును," అంది సుభాషిణి. "ఇంకొక మాట. మీటింగుల ఒక పెద్దాయన అడిగిండు, మీ దుకాణంల మిషన్ ఎవరు నడుపుతరు, కంప్లెయింటే రాదు అని. నీ పేరు చెప్తడేమోనని నేను చూస్తాన్న. మీ బావ 'స్టాఫ్ ఉన్నరు సార్' అన్నడు."

స్టాఫ్. ఆ శాలువా ఫోటో గుర్తొచ్చింది. కోపం రావలసినంత రాలేదు, ఒక్కసారిగా అలసట కమ్మింది.

"నీకు నా మీద కోపం రాలేదా అక్కా? నేను చేసిన పనికి?"

"ఎందుకొస్తది? నేనేమన్న తక్కువ తిన్ననా?" సుభాషిణి చేతులకంటిన పిండిని రుద్ది రాల్చింది. "పొద్దుగాల నువ్వు జడేసుకోని, ఫోన్ చేతుల వట్టుకోని మెట్లు దిగుతవు గద. మేస్త్రీలు పద్మమ్మా పద్మమ్మా అంటరు. పైకి ఇనవడ్తది నాకు. ఇన్నేళ్లయింది, నన్ను పేరు వెట్టి పిల్సెటోల్లు యాడున్నరు? కొన్ని దినాలు ఓర్వలేకపోదును. ఆ దినాలల్ల నీ డబ్బాల కూరల ఒక చెంచ ఉప్పు ఎక్కువేస్తుంటి. నువ్వేమో వంట మర్చిపోయినవా అక్కా అని నవ్వుతుంటివి."

పద్మ ఆమెనే చూస్తూ నిలబడింది. నవ్వాలో, తిట్టాలో అర్థం కాలేదు. చివరికి నవ్వే వచ్చింది. సుభాషిణికీ వచ్చింది. హాల్లో నుంచి కిషన్ రావు "చాయ్ అయితాందా?" అని కేకేసే దాకా ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచే వేళకు పద్మ మెట్లు దిగలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని పొయ్యి ముందు నిలబడింది. సుభాషిణి జడేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని హాల్లోకి వచ్చింది. కిషన్ రావు పేపర్ దించాడు.

"యాడికి?"

"కిందికి," అంది సుభాషిణి.

"ఆమెకేం ఎర్క దుకాణం?" అన్నాడు కిషన్ రావు పద్మ వైపు తిరిగి. "నువ్వెందుకు దిగలే?"

"స్టాఫ్‌కు ఇయ్యాల సెలవు బావా," అంది పద్మ. "షేడ్ కార్డులు అక్క చూపిస్తది. మిషన్ మీ తమ్ముడు చూస్తడు. రేపటిసంది అక్కకు నేను నేర్పుత."

కిషన్ రావు నోరు తెరిచాడు, భార్య ముఖం చూశాడు, తమ్ముడి ముఖం చూశాడు. శ్రీకాంత్ ఎప్పట్లాగే ఏమీ అనలేదు. అయితే ఈసారి ఆ ఊరుకోవడం పద్మకు కలిసొచ్చింది. సుభాషిణి అప్పటికే మెట్లు దిగుతోంది. కొత్త చెప్పుల చప్పుడు ఒక్కొక్క మెట్టు మీదా వినిపించింది.

పద్మ వంకాయలు తరిగింది. తిరగమోత పెట్టింది. తను చేసింది మంచి పనేనని, ఢిల్లీ విషయంలో చేసిన తప్పు ఇట్లా తీరిపోయిందని అనుకుంటూ కూర కలిపింది. కాసేపు నిజంగానే హాయిగా అనిపించింది. కింద షటర్ పూర్తిగా లేచింది. స్కూటర్ ఆగిన చప్పుడు. కట్టయ్య మేస్త్రి గొంతు.

"ఇయ్యాల పెద్దమ్మ గూసున్నదా? మస్తు మంచిగైంది. మీరేమంటరమ్మా, ఈ రంగు ఇంకో ఇంటి హాలుకు బాగుంటదా?"

సుభాషిణి తన పేరు చెప్పింది, తర్వాత ఇంకేదో చెప్పింది. మాటలు అర్థం కాలేదు. కట్టయ్య పెద్దగా నవ్వాడు. ఇంకెవరో కూడా నవ్వారు.

"సుభాషిణమ్మా, రోజు రాండ్రి మీరు!" అన్నాడు కట్టయ్య.

పద్మ గరిటె పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. అక్కడి నుంచి దుకాణం ముందు కట్టిన టార్పాలిన్ తప్ప ఏమీ కనిపించదు. ఊపే మిషన్ గడగడా మొదలైంది, ఆగింది. ఇప్పుడు మూత తీస్తారు. ఇప్పుడు ఎవరో వేలితో చుక్క రాస్తారు. ఎవరి వేలో? మళ్లీ నవ్వులు. ఎంతసేపు నవ్వుతారు, దుకాణమా అది?

పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చింది. ఉప్పు డబ్బా మూత తీసి ఒక చెంచా వేసింది. అది సరిపోతుంది, ఆమెకు తెలుసు. చెయ్యి మళ్లీ డబ్బాలోకి పోయింది. కాసేపు అలాగే ఆగింది. కింద నుంచి "సుభాషిణమ్మా" అన్న కేక ఇంకొకసారి వినిపించింది. పద్మ రెండో చెంచా కూడా వేసి, కలిపి, రుచి చూడకుండా కిందికి పంపే సుభాషిణి టిఫిన్ డబ్బాలో సర్దింది.